మూడు బ్యాటరీలు, ఒక టేపు ముక్క

ప్రతి కుటుంబానికీ చెడిపోతున్న ఆల్టర్నేటర్ ఒకటి ఉండి తీరాలని ఈ కాలమ్ ముఖంగా ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను. పూర్తిగా చెడిపోయింది పనికిరాదు. చెడిపోతూ ఉండాలి. మహిమంతా అందులోనే ఉంది!

ఆల్టర్నేటర్ అంటే ఏమిటని కొత్త కార్ల యజమానులు అడగవచ్చు. పాపం, వాళ్ళని చూస్తే జాలేస్తుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రమది. సరిగ్గా పనిచేసినన్నాళ్ళూ అదొకటి ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు. ఈ విషయంలో దానికీ మా ఆవిడకీ తేడా లేదు. ఈ వాక్యం ఆవిడ కంటపడేలోపు మీరు చదివేసి ముందుకు వెళ్ళిపోండి.

నా కారు వయసు పందొమ్మిదేళ్ళు. దాని ఆల్టర్నేటర్ ఆర్నెల్లుగా చెడిపోతూ నాకు జీవితం నేర్పింది.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మా అక్క కంటి ఆపరేషన్‌కి పోయిన గురువారం పొద్దున్న ఎనిమిదింటికి ఈ కారులోనే వెళ్ళాల్సి వచ్చింది. మూడు నెలలు ఎదురుచూస్తే దొరికిన తేదీ అది. తప్పిందంటే మళ్ళీ మూడు నెలలు. శుక్లం బాగా ముదిరింది, ఇక ఆలస్యం చేయకండని డాక్టరు గట్టిగానే చెప్పారు. ఆ గురువారం దగ్గరికి వస్తాను. ముందు లాభాలు చూద్దాం.

మొదటిది, క్రమశిక్షణ. మీ కారులో ఏసీ, లైట్లు, వైపర్లు, పాటలు అన్నీ ఒకేసారి నడుస్తాయా? ఎంత విచ్చలవిడితనం! మా కారులో ఏదో ఒకటే. వాన పడితే వైపర్ కావాలా, ఫ్యాన్ కావాలా అని ఇంటిల్లిపాదీ చర్చించుకుని నిర్ణయించుకుంటాం. హారన్ కొడితే లైట్లు సొమ్మసిల్లుతాయి కాబట్టి రెండు నెలలుగా హారన్ ముట్టుకోలేదు. నా బీపీ ఎంత తగ్గిందో తెలుసా?

భూగోళ జ్ఞానం ఇంకో లాభం. తోస్తే తప్ప స్టార్ట్ కాని కారుకి వాలు ముఖ్యం. ఏ వీధి ఎటు వాలిందో ఇప్పుడు మునిసిపల్ ఇంజనీరు కంటే నాకే బాగా తెలుసు. బంధువుల్లో వాలుగా ఉన్న వీధుల వాళ్ళ ఇళ్ళకే వెళుతున్నాం. చదును నేల మీద ఇల్లు కట్టుకున్న మా తోడల్లుడితో రాకపోకలు ఆగిపోయాయి. ఇదీ లాభాల్లోకే వస్తుంది.

ఇరుగుపొరుగు ప్రేమల మాట చెప్పనే లేదు కదా! పార్కింగ్ దగ్గర తగువుపడి మూడేళ్ళు నాతో మాట్లాడని పై వాటా రిటైర్డ్ హెడ్‌మాస్టారు, ఒకరోజు పొద్దున్నే లుంగీ ఎగగట్టి నా కారు తోశారు. తోస్తూ తిట్టారు. మౌనం కంటే తిట్టు మేలు కాదా?

వీటన్నిటికీ మించి నాకొక ఆప్తుడు దొరికాడు, బ్యాటరీ షాపతను. నేను మెట్లెక్కుతుండగానే, "బ్యాటరీ పోయింది సార్," అంటాడు. పరీక్షల్లేవు, మీటర్లు లేవు. నా ముఖం చూస్తే చాలు! వచ్చి బానెట్ ఎత్తి, పాతది తీసి కొత్తది పెడతాడు. రెండు వారాలు కారు గుర్రంలా పరిగెడుతుంది. ఆ తర్వాత మళ్ళీ నీరసం. ఆర్నెల్లలో మూడు బ్యాటరీలు మార్చాం. మూడోసారి టీ కూడా ఇప్పించాడు.

మా అక్క కన్నూ ఇలాగే. ఏడాదిగా కుడి కన్ను మసకగా ఉందంటే మూడుసార్లు కళ్ళజోడు మార్చారు. ఎవరు మార్చమన్నారన్నది ఇక్కడ అప్రస్తుతం. చివరికి మా ఆవిడ విసిగిపోయి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆయన లైటు వేసి లోపలికి చూశారు. కంటి లోపల చూడాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

ఇంతకీ కారులో లోపముందని తెలిపే ఏర్పాటే లేదా అంటారా? ఉంది. స్టీరింగ్ వెనక బ్యాటరీ బొమ్మతో ఎర్ర లైటొకటి, ఈ చెడిపోవడం మొదలైన రోజు నుంచీ వెలుగుతూనే ఉంది.

"ఏంటండీ ఆ లైటు?" అని మా ఆవిడ అప్పుడే అడిగింది.

"ఏమీ లేదు, పాత కారు కదా," అన్నాను.

అయినా అది కళ్ళలో పొడుస్తుంటే నల్ల టేపు చిన్న ముక్క చించి దాని మీద అంటించాను. అంతే, ఆ క్షణం నుంచి కారులో ఏ లోపమూ కనబడలేదు!

ఇక గురువారం. అక్క కంట్లో చుక్కలు వేయించుకుని వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంది. పక్కన మా ఆవిడ. ఎనిమిదికి ఇంకా పావుగంట ఉందనగా, పెద్ద కూడలిలో, సరిగ్గా సిగ్నల్ పచ్చబడ్డ వేళ కారు ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

"వచ్చేశామా?" అంది అక్క, కళ్ళు తెరవకుండానే.

మా ఆవిడ అక్క చెయ్యి పట్టుకుని దిగి, బండ్ల మధ్య నుంచి దాటించి, ఎదురొచ్చిన టాక్సీ ఆపి ఎక్కించింది. నా వైపు తిరిగి కూడా చూడలేదు. వెనక నలభై హారన్లు మోగుతున్నాయి. నాకు మాత్రం కొట్టడానికి హారన్ కూడా లేదు. ఆ కాసేపూ భయపడ్డాను, నిజంగానే.

ట్రాఫిక్ పోలీసు, ఇద్దరు దారినపోయేవాళ్ళు కలిసి కారుని సందు మలుపులో ఉన్న ఎలక్ట్రీషియన్ షెడ్డుకి తోశారు. ఆయన పెద్దాయన. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, నేను చెప్పే చరిత్ర విననట్టే విని, ఛార్జింగ్ ఉన్న తన బ్యాటరీ ఒకటి పెట్టి, మీటరు తీగలు రెండూ దానికి ఆనించాడు. పన్నెండున్నర వోల్టులు. ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. చేశాను. పన్నెండు. లైట్లు వేయమన్నాడు. ఇంకా దిగింది.

"ఇంజన్ నడుస్తుంటే పద్నాలుగు చూపించాలండీ. మీ బ్యాటరీలన్నీ మంచివే. డైనమో, అదే ఆల్టర్నేటర్, ఛార్జింగ్ ఇవ్వట్లేదు," అన్నాడు.

ఒక్క నిమిషం పట్టింది!

ఆల్టర్నేటర్ విప్పి, అరిగిపోయిన రెండు కార్బన్ బ్రష్‌లు తీసి నా అరచేతిలో పెట్టాడు. బఠాణీ గింజంత కూడా లేవు. కొత్తవి వేసి, బెల్టు బిగించి, మళ్ళీ మీటరు పెట్టాడు. పద్నాలుగు. తర్వాత లోపలికి తొంగిచూసి, "ఇక్కడ టేపెవరు అంటించారు సార్?" అన్నాడు.

"పాత ఓనరు," అన్నాను. ఆ కారుని షోరూములోంచి తెచ్చిందే నేను.

అక్క వేళకే చేరింది. ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పాక ఇంటికి తీసుకొస్తుంటే ముందు సీట్లో కూర్చుని, చిన్నపిల్లలా అన్నీ చూస్తోంది. డ్యాష్‌బోర్డు మీద దుమ్ము చూసింది. నా నెరిసిన మీసం చూసింది. అలా చూస్తూ చూస్తూ టేపు దగ్గర ఆగి, చెయ్యి చాపి గోటితో పీకేసింది. దాని కింద లైటు వెలగడం లేదు.

నాకు ధైర్యం వచ్చింది. "చూశావా అక్కా, ఆ బ్యాటరీ షాపతను ఎంత పని చేశాడో! అసలు రోగమేంటో చూడకుండా మార్చు మార్చు అన్నాడు. ఇలాంటివాళ్ళ మీద రేపే ఒక కాలమ్ రాస్తున్నాను," అన్నాను.

"రాయి. కిందటేడు నాకు కన్ను మసగ్గా ఉందంటే నువ్వేమన్నావురా?"

నేను హారన్ కొట్టాను. ఎదురుగా ఎవరూ లేరు.

"వయసక్కా, అద్దాలు మార్పించుకో అన్నావు. ఒకసారి కాదు, మూడుసార్లు. అసలు నా కంటివైపు చూశావా?"

ఇల్లు వచ్చింది. దిగేముందు అక్క ఆ టేపు ముక్కని నా చొక్కా జేబు మీద అంటించింది.

"ఆ బ్యాటరీ అబ్బాయినేం అనకురా. అతను బానెట్టన్నా ఎత్తాడు."