వెర్రిబీలో పుట్టిల్లు

బుధవారం ఉదయం ఏడున్నరకి బాలమురళి తన ఇంటి గుమ్మం ముందు నిలబడి బెల్లు కొట్టాడు. తాళంచెవి జేబులోనే ఉంది. అద్దె కాగితం మీద ఉన్నది కూడా అతని పేరే. అయినా బెల్లే కొట్టాలి. ఎందుకంటే ఆ ఇల్లు ప్రస్తుతానికి అతనిది కాదు, అతని అత్తగారిది.

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పకపోతే పాపం అతన్ని మీరు పిచ్చివాడనుకుంటారు. వైశాలికి నెలలు నిండే వేళకి డాక్టరు విమానం ఎక్కొద్దన్నాడు. తెనాలి ప్రయాణం ఆగిపోయింది. అప్పుడు ఆమె తల్లి సీతాదేవే మెల్‌బోర్న్ వచ్చి, ఆ ఊరి శివారు వెర్రిబీలోని వాళ్ల రెండు గదుల యూనిట్‌లో సూట్‌కేసు దించుతూనే ఒక తీర్మానం చేసింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. పిల్ల పుట్టింటికి రాలేకపోయింది కనక పుట్టిల్లే పిల్ల దగ్గరికి వచ్చింది. కాబట్టి ఇకనుంచి ఈ యూనిట్టే పుట్టిల్లు. మూడో నెలలో మంచిరోజు చూసి తల్లీబిడ్డల్ని అత్తవారింటికి పంపేదాకా అల్లుడు ఈ ఇంటికి రావచ్చు, కాఫీ తాగచ్చు, పిల్లాణ్ణి చూసుకుని పోవచ్చు. కాపురం మాత్రం పెట్టకూడదు.

సీతాదేవి తెనాలిలో ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ఆడపిల్లల హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ తీర్మానాలకి ఎదురుచెప్పినవాళ్లు తెనాలిలోనే లేరు, వెర్రిబీలో ఎక్కణ్ణుంచి వస్తారు? బాలమురళి నోరెత్తకుండా బట్టలు సర్దుకుని, రెండిళ్ల అవతల ఉండే కేశవరావు అంకుల్ వాళ్ల వెనకగదిలోకి మారిపోయాడు. అప్పటినుంచి రోజూ పొద్దున ఒకసారి, ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి అత్తారింటికి వచ్చి పోతున్నాడు. మర్యాదలకి మాత్రం లోటు లేదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, ఒత్తుకోవడానికి తువ్వాలు ఇస్తున్నారు.

ఆ బుధవారం మాత్రం మామూలు రోజు కాదు. పదకొండింటికి సిటీలో ఇమ్మిగ్రేషన్ ఇంటర్వ్యూ ఉంది. వైశాలి అతనికంటే ముందే ఈ దేశం వచ్చి, ఉద్యోగంలో కుదురుకుని, సిటిజన్ అయింది. పెళ్లి చేసుకుని మొగుణ్ణి స్పాన్సర్ చేసింది ఆమే. అతనికి రెండేళ్ల తాత్కాలిక వీసా ఇచ్చారు. ఈలోగా కంప్యూటర్లన్నీ రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ఆగిపోతాయని బెంగపడ్డ ఒక కంపెనీ అతన్ని పనిలో పెట్టుకుంది. ఒకటో తారీఖున ఏదీ ఆగలేదు. తన పనితనం వల్లే ఆగలేదని బాలమురళి, అవి ఎలాగూ ఆగేవి కావని వైశాలి. ఆ వాదన తెగకుండానే నాలుగో తారీఖున కొడుకు పుట్టాడు. ఇప్పుడు వీసా రెండేళ్లూ నిండాయి. ఇద్దరూ నిజంగా కాపురం చేస్తున్నారని ఆఫీసరు నమ్మితే పర్మనెంట్. నమ్మకపోతే బాలమురళి సామాను సర్దుకుని వెళ్లిపోవాలి. కొడుక్కి ఇంకా నలభై మూడు రోజులే.

అందుకే అంతా పకడ్బందీగా అనుకున్నారు. బాలమురళి కాఫీ తాగి, కారులో పెట్రోలు పోయించుకుని, పెళ్లి ఫొటోలకి జిరాక్సులు తీయించుకుని వస్తాడు. ఈలోపు వైశాలి తలస్నానం చేసి తయారవుతుంది. తొమ్మిదిన్నరకి బయల్దేరాలి. అతను బయటికి వెళ్లాడు, ఆమె స్నానాలగదిలోకి వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సీతాదేవి తీసింది.

ఫోను చేసింది మిసెస్ డెన్హామ్ అనే ఇంటర్వ్యూ ఆఫీసరు. టైము ఖరారు చేసుకుందామని బాలమురళి ఉన్నారా అని అడిగింది. ఆయన ఇక్కడ ఉండరు అంది సీతాదేవి. మరి ఎక్కడ ఉంటారంటే, వేరే ఇంట్లో ఉంటారంది. ఎన్నాళ్లనుంచి అంటే, బిడ్డ పుట్టకముందునుంచీ అంది. భార్యాబిడ్డల్ని చూడ్డానికి వస్తుంటారా అని అవతలావిడ గొంతు తగ్గించి అడిగింది. ఎందుకు రారు, రోజుకి రెండుసార్లు వస్తారు, కాఫీ ఇచ్చి పంపుతాం, లోపల ఉండనివ్వం, ఇది మా ఇల్లు అని సీతాదేవి విడమరిచి చెప్పింది. ఆ ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. అదే కొంప ముంచింది. తర్వాత మిసెస్ డెన్హామ్, చంటిబిడ్డతో మీరెవరూ సిటీకి రానక్కర్లేదు, పదకొండింటికి నేనే మీ ఇంటికి వస్తాను అంది.

తల తుడుచుకుంటూ వచ్చిన కూతురికి ఈ కబురు చెప్పి, ఎంత మంచి మనిషో అని సీతాదేవి మెచ్చుకుంది. ఇంకా ఏమేం మాట్లాడావని అడిగిన వైశాలి, అంతా విని సోఫాలో కూలబడింది.

"అమ్మా, మేం విడిపోయామని చెప్పావు నువ్వు ఆవిడతో."

"నేనెందుకు చెబుతానే? ఉన్నమాట చెప్పాను. గవర్నమెంటు మనిషితో అబద్ధం ఆడమంటావా?"

జిరాక్సులతో వచ్చిన బాలమురళి సంగతి విని మంచినీళ్లు అడిగాడు. అవి తాగి కేశవరావు ఇంటికి పరుగెత్తాడు. అక్కడే రెండో తప్పు జరిగింది. కేశవరావు రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ల వీసాలన్నీ తన సలహా వల్లే వచ్చాయని ఆయన నమ్మకం. ఆయన దగ్గర నూట ఇరవై ప్రశ్నల కాగితం ఒకటి ఉంది. జరిగింది జరిగినట్టు ఆవిడకి చెప్పేస్తానని బాలమురళి అంటే, ఆయన నొచ్చుకున్నాడు.

"వైశాలికిది పుట్టిల్లు, నాకిది అత్తారిల్లు అని తెల్లావిడకి చెప్తావా? ఒకే ఇంటికి రెండు పేర్లేమిటని ఫైలు మూసేస్తుంది. నీ బట్టలన్నీ ఆ బీరువాలో కనబడాలి, నీ బ్రష్షు ఆ అద్దం దగ్గర ఉండాలి. నువ్వు ఎప్పుడూ అక్కడే ఉన్నావు, అంతే. మిగతాది నాకొదిలెయ్."

ఆయన భార్య వసంత వెనకగదికి పరుగెత్తి, బీరువాలో హ్యాంగర్లకున్నవి ఉన్నట్టే రెండు పెద్ద సంచుల్లో కూరి, పరుపు మీది దిండు కూడా పైన పెట్టి, పుట్టింటికి చేరవేసింది. కేశవరావు కూడా అక్కడికే వచ్చి, బాలమురళిని హాల్లో కూర్చోబెట్టి ప్రశ్నలు వల్లె వేయించాడు. మీ ఆవిడ టూత్‌బ్రష్ ఏ రంగు? మంచానికి ఏ వైపు పడుకుంటారు? నిన్న సాయంత్రం ఏం కూర? ఆ హడావుడిలో సంచుల్లో ఏం వచ్చిందో ఎవరూ చూడలేదు. అన్నీ బీరువాలో తగిలించి, వంటపనుందని వసంత వెళ్లిపోయింది. పదకొండుకి రెండు నిమిషాలుందనగా కేశవరావు కూడా పెరటిదోవన జారుకున్నాడు.

మిసెస్ డెన్హామ్ యాభై ఏళ్ల, నెమ్మదైన మనిషి. పిల్లాణ్ణి చూసి నవ్వింది, సీతాదేవి ఇచ్చిన కాఫీ తాగింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. టూత్‌బ్రష్ గురించి ఆవిడ అడగలేదు. బిడ్డ పుట్టాక మీ జీవితం ఎలా మారిందని అడిగింది. ఆ ప్రశ్న నూట ఇరవైలో లేదు. బాలమురళి తడుముకుని, మా ఆవిడ మంచానికి ఎడమవైపు పడుకుంటుందండీ అన్నాడు. వైశాలి తల పట్టుకుంది. ఆఫీసరు ఏదో రాసుకుని, అభ్యంతరం లేకపోతే ఇల్లొకసారి చూస్తానంది.

బీరువా తలుపు తీయగానే బారుగా చొక్కాలు కనిపించాయి. ఒక్కోదాన్లో ఇద్దరు బాలమురళులు పడతారు. చొక్కాల పక్కన నడుంనొప్పికి కట్టుకునే వెడల్పాటి పట్టీ ఒకటి వేలాడుతోంది. ఇవి ఎవరివని ఆవిడ అడిగింది. పొద్దుట్నుంచీ నేర్చుకున్నది నోటికొచ్చి, నావేనండీ అన్నాడు బాలమురళి. ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. వేసుకుని చూపించమనలేదు, మర్యాదస్తురాలు.

అక్కడికైనా ఊరుకుంటే బాగుండేది. సీతాదేవి వల్ల కాలేదు.

"అవి అల్లుడుగారివి కావు. కేశవరావుగారివి," అంది చక్కటి ఇంగ్లీషులో. ఆయనెవరంటే, దగ్గర్లోనే ఉంటారు, మా అమ్మాయిని చూడ్డానికి రోజూ వస్తారు, చాలా మంచివారు అని కూడా చేర్చింది. నిజమే, వెనకగది బీరువాలో ఉండేవి ఆయన బట్టలే; బాలమురళివి అక్కడే పెట్టెలో ఉండిపోయాయి.

మిసెస్ డెన్హామ్ కలం మూసేసింది. మొగుడు వేరే ఇంట్లో ఉంటున్నాడు, భార్య బీరువాలో ఇంకొకాయన బట్టలున్నాయి, తలా ఒక మాట చెబుతున్నారు. మీ ఇళ్లలో ఏదైనా ఆచారం ఉంటే నేను అర్థం చేసుకోగలను గాని, నా కోసం తెచ్చి తగిలించిన చొక్కాల్ని అర్థం చేసుకోలేను అంది. ఈ అబ్బాయివి అంటూ ఈ ఇంట్లో ఏమైనా ఉన్నాయా అని చివరిసారిగా అడిగింది. బాలమురళికి ఇంకో నెలలో విమానాశ్రయంలో కొడుకుని ముద్దుపెట్టుకుని వెళ్లిపోతున్నట్టు కళ్లముందు కనబడింది. ఏడుపు ఆపుకుంటూ మూలనున్న సంచిలోంచి తన దిండు తీసి చూపించాడు. తనదని కచ్చితంగా చెప్పగలిగింది అదొక్కటే. తీసేటప్పుడు దాని గలీబులోంచి చిన్న గుడ్డ ఒకటి జారి నేలమీద పడింది.

అది పసిపిల్లాడి చొక్కా. సీతాదేవి తన భర్త రామానుజం పాత పంచె చింపి మనవడికి కుట్టింది. వారం నుంచి కనబడకపోతే, వెర్రిబీ గాలికి తీగమీంచి ఎగిరిపోయిందని గాలిని తిడుతోంది.

"నేనే తీసుకెళ్లానండీ," అన్నాడు బాలమురళి తెలుగులో, ఆఫీసరు ఉందన్న సంగతి మరిచిపోయి. "వీడి వాసన ఉంటుంది కదా అని. అది లేకపోతే నాకు నిద్ర పట్టట్లేదు. ఉతకొద్దని వసంత ఆంటీకి కూడా చెప్పాను."

"ఒక్కసారి నాతో చెప్పచ్చుగా," అంది వైశాలి. ఆమెకి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "రాత్రంతా నేనొక్కదాన్నే వీణ్ణెత్తుకుని తిరుగుతున్నాను. మీరు హాయిగా పడుకున్నారనుకుని రోజూ తిట్టుకుంటున్నాను."

"పుట్టింట్లో ఉన్నదానివి, నిన్నెందుకు కష్టపెట్టడం అని."

తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. అతను వల్లెవేసింది ఒక్కటీ అందులో లేదు. చివరికి బాలమురళి ఆఫీసరు వైపు తిరిగి, బెల్లు కొట్టడం దగ్గర్నుంచి చొక్కాల దాకా జరిగినదంతా జరిగినట్టు ఇంగ్లీషులో చెప్పేశాడు. మిసెస్ డెన్హామ్ మధ్యలో అడ్డుపడలేదు. ఏమీ రాసుకోలేదు కూడా. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

సీతాదేవి ఆ చొక్కాని నేలమీంచి తీసి చేతిలో పట్టుకుంది. తర్వాత వేళ్లమీద ఏదో లెక్కపెట్టింది. మార్గశిరంలో పుట్టాడు, పుష్యం పోయింది, మొన్న అమావాస్యతో మాఘం వచ్చింది. ఇది మూడో నెల అని ప్రకటించింది. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఒక్క పిల్లకి కూడా అరమార్కు కలపని మనిషి, నలభై మూడు రోజుల్ని మూడు నెలలు చేసేసింది. కూతురు ఆశ్చర్యంగా చూస్తే, నెలలు అలాగే లెక్కపెడతారు, నోరుమూసుకుని మొహం కడుక్కో అంది.

పావుగంటలో అన్నీ జరిగిపోయాయి. వైశాలికి కొత్తచీర కట్టబెట్టి, బొట్టు పెట్టి, ఒళ్లో పసుపుకుంకుమ, చలిమిడి పెట్టింది. పిల్లాడికి తాతగారి పంచె చొక్కానే తొడిగింది. కుడికాలు ముందు పెట్టమంటూ ముగ్గుర్నీ గుమ్మం దాటించింది. పుట్టింటి నుంచి తల్లీబిడ్డలు బయల్దేరారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ అదే గుమ్మంలోంచి అత్తవారింట్లోకి వచ్చారు. పళ్లెం పట్టుకోవడానికి ఇంకో ముత్తయిదువ కావాలంటే దగ్గర్లో ఎవరూ లేక, మిసెస్ డెన్హామే పట్టుకుని నిలబడింది.

సీతాదేవి లోపలికి వెళ్లి తన సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టింది. ఎక్కడికి అత్తయ్యగారూ అని బాలమురళి కంగారుపడ్డాడు. ఇది ఇప్పుడు అల్లుడుగారిల్లు, అల్లుడింట్లో నేను మకాం పెడితే తెనాలిలో నలుగురూ ఏమనుకుంటారు అందావిడ. పొద్దున్నే వచ్చి పిల్లాడికి నీళ్లు పోసి సాయంత్రం వెళ్లిపోతుందట. కేశవరావుగారి వెనకగది ఎలాగూ ఖాళీ అయింది కదా అంది. బతిమాలినా వినలేదు.

మే నెలలో బాలమురళికి పర్మనెంట్ వీసా వచ్చింది. ఇంటర్వ్యూ తర్వాత మిసెస్ డెన్హామ్ ఫైల్లో ఏం రాసిందో అప్పటికిగాని తెలియలేదు: భార్యాభర్తలు కలిసే ఉంటున్నారు, అత్తగారు మాత్రం విడిగా ఉంటున్నారు.