పిల్లి మూతికి దొరికిన మాట

దగ్గరికి రండర్రా. ఆ చివరున్నవాళ్ళు కూడా ఇటు జరిగి కూచోండి.

ఒక పెద్ద అడవిలో, ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసుకలో చెలమ తవ్వేది ఏదుపంది. కాపలా కూడా దానిదే. ఎవరి వంతుకు వాళ్ళు తాగాలి. తోసుకొస్తే ముళ్ళు విప్పేది. ఆ కొలువు చేస్తున్నందుకు పంచాయతీ దానికి ఒడ్డున చల్లని బొరియ ఇచ్చింది. పిల్లలతో అందులోనే కాపురం.

ఆ బొరియ మీద అడవిపిల్లి కన్ను పడింది.

అయితే అబద్ధపు చాడీలు చెప్పినవాడి మూతికి దురదగొండి రాయాలని అక్కడి కట్టుబాటు. పిల్లికి మూతంటే ప్రాణం. అందుకని పంచాయతీ గుమస్తా కొండముచ్చును ఉపాయం అడిగింది. కొండముచ్చు కొన్నాళ్ళు మనుషుల కోర్టు కచేరీ పైకప్పు మీద ఉండొచ్చింది మరి.

"మనుషులకో మాటుంది, ఆరోపణ అని. ఎవరో అన్నారు, ఇంకా రుజువు కాలేదు అని దానర్థం. అది చివర తగిలించావంటే నీ మూతికేం కాదు."

"రుజువు కాలేదని విడిగా చెప్పాలా?"

"మాటలోనే ఉందిగా. తెలియనివాడి ఖర్మ."

మర్నాడు పిల్లి పంచాయతీలో లేచి, ఏదుపంది తెల్లారకముందే సగం చెలమ తాగేస్తోందని ఆరోపణ ఉందని వినయంగా చెప్పింది. ఎవరు చూశారని ఏదుపంది అడిగింది.

"చూశామని మేమనలేదే అక్కా," అంది పిల్లి.

కాకి దండోరాకి బయల్దేరింది. మొదటి కొండ మీద మొత్తం చెప్పింది. రెండో కొండకి ఆయాసమొచ్చి చివరి మాట వదిలేసింది. మూడో కొండ మీద "ఏదుపంది నీళ్ళదొంగ" అని తేల్చేసింది. సాయంత్రానికల్లా సర్పంచి ఏనుగు, విచారణ తర్వాత చూద్దాం, ముందు బొరియ ఖాళీ చెయ్యమంది. ఏదుపంది పిల్లల్ని తీసుకుని వాగు మలుపు దాటి వెళ్ళిపోయింది. బొరియా, కాపలా పిల్లికి దక్కాయి.

పొద్దున్నే అడవిదున్న వచ్చి నాలుగు కాళ్ళూ చెలమలో పెట్టింది. నీ వంతు కాదంది పిల్లి.

"కాదని ఆరోపణ," అంది దున్న, తాగుతూనే.

"నేనిక్కడ కాపలాదారుని."

"అదీ ఆరోపణేరా. నువ్వు చెప్తేనే విన్నాను."

పిల్లి ఏనుగు దగ్గరికి పరిగెత్తబోయింది. ఏనుగు అక్కడే ఉంది, తొండం చెలమలోనే ఉంది. పిల్లిని తానే కొలువులో పెట్టినట్టు ఆరోపణ వచ్చిందనీ, విచారిస్తామనీ అంది. మధ్యాహ్నానికి చెలమ కూలి ఇసుకైపోయింది. పిల్లి గీకింది గానీ గోళ్ళు అరిగాయే తప్ప తడి తగల్లేదు.

మూడోనాడు పంచాయతీ మొత్తం వాగు మలుపుకి నడిచింది. అక్కడ ఏదుపంది తవ్విన కొత్త చెలమ నిండుగా ఉంది. ముందు పిల్లే చేరింది, నాలుక వేలాడేసుకుని.

"దాహం అక్కా."

ఏదుపంది ముళ్ళు విప్పలేదు. "దాహమని ఆరోపణ. రుజువు తే."

దాహానికి రుజువేమిటో కొండముచ్చుకీ తోచలేదు. అప్పుడు ఏదుపందే దారి చెప్పింది: కొండలు మూడూ ఎక్కి, కాకి వదిలేసిన మాటని అర్థంతో సహా చెప్పి రావాలి, నీళ్ళు ఆ తర్వాతే.

ఎండిన గొంతుతో పిల్లి కొండలెక్కింది. ఏదుపంది దొంగ అని రుజువు కాలేదు, అలా అన్నది నేనే, అని ప్రతిచోటా అరిచింది. మూడో కొండ మీద ముసలి కుందేలు చెవి రిక్కించి ఒక్కటే అడిగింది.

"ఇది నిజమేనా నాయనా, లేక ఇదీ ఆరోపణేనా?"

పిల్లి మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది.

నీతి ఏమిటంటారా? ఎవరిమీదైనా నింద వెయ్యాలంటే ముందు కడుపునిండా నీళ్ళు తాగి వెయ్యండి.

ఇక లేవండి, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి. పెరుగు పిల్లి తాగేసిందని అమ్మతో అనేముందు మీ మూతులు తుడుచుకోండి.