చిన్న జెట్ మీద పైలట్ల అభిప్రాయం

ఆ రోజు పొద్దున లింగమూర్తి కోరిక ఒక్కటే. యజమాని నితీష్ చేత స్టాఫ్ బస్సుకు సరే అనిపించాలి. రోజూ బాలానగర్‌లో షేర్ ఆటో ఎక్కి, డ్రైవర్ పక్కన సగం సీటు మీద వేలాడుతూ వచ్చి, ఆటో ఇక రానని మొండికేసిన చోట దిగి, బండరాళ్ల మధ్య నడిచి మాదాపూర్‌లోని అద్దాల మేడ చేరేసరికి ఆయన తెల్ల చొక్కా మట్టిరంగుకు తిరిగేది. పేరుకు అడ్మిన్ మేనేజరే. యాభై దాటిన ఆయన మోకాళ్లకు ఆ సంగతి తెలియదు. ఆఫీసులో అందరిదీ ఇదే అవస్థ అయినా, బస్సు కోసం ఆయనంతగా తపించినవాడు మరొకడు లేడు.

నితీష్ గదిలోకి వెళ్లేసరికి బల్ల మీద బుల్లి విమానం బొమ్మ ఒకటి కూర్చుని ఉంది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నిటికీ మతిపోతుందన్న భయం పుణ్యమా అని, వాటిని సరిచేసే నితీష్ కంపెనీ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. మొన్నెవరో క్లయింటు ఆయన్ని సొంత జెట్‌లో బొంబాయి నుంచి తెచ్చి దింపాడట. అప్పటినుంచి ఆయన కాళ్లు నేలమీద ఆనడం లేదు.

"బస్సు సంగతి తర్వాత చూద్దామండి. బేగంపేటలో ఒక లైట్ జెట్ అమ్మకానికొచ్చింది. బ్రోకర్ మధు తెగ పొగుడుతున్నాడు గానీ, అమ్మేవాడి మాట నమ్మగలమా? దాన్ని నడిపే పైలట్లు ఏమనుకుంటున్నారో కనుక్కుని రండి. వాళ్లు బాగుందంటే జెట్, బాగోలేదంటే మీ బస్సు," అన్నాడు నితీష్.

లింగమూర్తికి ముందు నీరసం వచ్చింది. మెట్లు దిగుతుంటే ఆశ కూడా వచ్చింది. తన ఉద్యోగం గురించి మంచిగా చెప్పే మనిషిని ఆయన ఇంతవరకు చూడలేదు. పైలట్లు మాత్రం ఎందుకు చెబుతారు?

విమానాశ్రయం బయట చాయ్ హోటల్లో కాప్టెన్ వేణు దొరికాడు. వైమానిక దళం నుంచి రిటైరై, ఒక సేఠ్ దగ్గర సరిగ్గా అలాంటి జెట్టే నడుపుతున్నాడు. భుజాల మీద బంగారు పట్టీలు, కళ్ల కింద నల్లటి చారలు. లింగమూర్తి చాయ్ తాగించి, సంగతి అడిగాడు.

"ఎగురుడు బంగారమన్నా," అన్నాడు వేణు. "చెయ్యి పెడితే చాలు, మాట వింటది. పెద్ద విమానం లెక్క బతిమాలే పని లేదు. లేచిందంటే మబ్బుల పైకి ఉరుకుతది."

లింగమూర్తి మొహం వాడిపోయింది. "మరి తక్లీఫ్ ఏం లేదా సాబ్?"

"ఎందుకు లేదు? నేలమీద ఉన్నదంతా తక్లీఫే. మూటలు నేనే ఎక్కియ్యాలె, సీట్లు నేనే తుడవాలె, అయిసుగడ్డ నేనే తేవాలె. సేఠ్ గంటల వస్తనంటడు, పొద్దుగూకినంక వస్తడు. అందాక ఎండల నిలబడాలె. లోపల నడుము లేపి నిలబడేటట్టు లేదు. ఆఖరి సీటు మూత తీస్తే అదే టాయిలెట్, అడ్డం పల్చటి పరదా. మీద కాప్టెన్, కింద హమాలీ. గంతే బతుకు."

లింగమూర్తికి ప్రాణం లేచొచ్చింది. "గీ ముచ్చట మా సారు ముందట చెప్తరా?"

"మా సేఠ్ మీటింగ్ ఎప్పుడైతదో దేవునికే ఎరుక. బిర్యానీ పెట్టిస్తే యాడికైనా వస్త."

ఇద్దరూ ఆఫీసుకు చేరారు. రిసెప్షన్లో కూర్చునే ప్రియదర్శిని ఆ తెల్ల యూనిఫాం చూసి లేచి నిలబడింది. "సార్, పైలట్ గారా? మన కంపెనీకేనా?"

"అవునమ్మా, మన సారు కోసమే వచ్చిండు," అని లింగమూర్తి లిఫ్టులోకి దూరాడు. ఆ తొందర ఆయన కొంప ముంచింది. లిఫ్టు పైకి చేరేలోపే ప్రియదర్శిని ఫోన్ అన్ని అంతస్తులూ తిరిగొచ్చింది. కంపెనీ విమానం కొనేసిందట, పైలట్ కూడా చేరిపోయాడట. తలుపు తెరుచుకోగానే ప్రోగ్రామర్లు చప్పట్లు కొట్టారు. ఒకడు వేణు చేత ఆటోగ్రాఫ్ తీసుకున్నాడు. అంతలో సికింద్రాబాద్ నుంచి ఒక పాత క్లయింటు నితీష్‌కు ఫోన్ చేసి అభినందనలు చెప్పాడు. నితీష్ కాదనలేదు. కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాడు.

"చెప్పండి కాప్టెన్ గారూ," అన్నాడు గదిలోకి వచ్చిన వేణుతో. "ఎలా ఉంటుందండి ఆ జెట్?"

వేణు నిటారుగా నిలబడ్డాడు.

"సూపర్ సార్," అన్నాడు.

"టాయిలెట్ ముచ్చట చెప్పుండ్రి సాబ్," అని లింగమూర్తి గొణిగాడు.

"అన్ని సౌలత్‌లు ఉన్నయి సార్. పరదా కూడ ఉంటది."

నితీష్ పొంగిపోయి మధుకు ఫోన్ చేస్తుంటే, లింగమూర్తి వేణును వరండాలోకి లాక్కెళ్లాడు. "ఇదేంది సాబ్? చాయ్ కాడ ఏం చెప్పినరు, ఈడ ఏం చెప్పినరు?"

వేణు మొహంలో సిగ్గూ లేదు, కోపమూ లేదు. ఉన్నదల్లా అలసట. "ఏం జేయాలె అన్నా. ఏండ్ల సంది ఓనరు అడిగితే నోట్లెకెళ్లి గదే మాట వస్తది. నిజం చెప్పే నోరు చాయ్ కాడనే తెరుసుకుంటది. ఇగ బిర్యానీ ఎప్పుడు?"

బిర్యానీ అయ్యాక, కొనేముందు జెట్‌లో ఒక చుట్టు తిరిగి చూద్దామని అందరూ బేగంపేటకు బయలుదేరారు. నడిఎండాకాలం. దారిలో నితీష్ రెండు చెంబుల మజ్జిగ తాగాడు. ఆయన బ్రీఫ్‌కేసు లింగమూర్తి మోశాడు. జెట్ దగ్గర మధు నవ్వుతూ నిలబడి ఉన్నాడు. అతని పైలట్ ముందు కూర్చున్నాడు. సేఠ్ ఇంకా మీటింగ్‌లోనే ఉండటంతో వేణు కూడా సరదాకు ఎక్కాడు. నితీష్ నడుం వంచి లోపలికి దూరి మెత్తటి సీటులో కూలబడ్డాడు. మధు, వేణు చెరో సీటు చూసుకున్నారు. హోదాలో చిన్నవాడికి చివరి సీటే గనక లింగమూర్తి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

జెట్ రన్‌వే దాకా ఉత్సాహంగా వెళ్లి ఆగిపోయింది. ఎవరో పెద్దమనిషి విమానం దిగబోతోందట, కదలొద్దన్నారు. ఇంజన్లు ఆపేశారు. చల్లగాలి ఆగింది. ఆ పెద్దమనిషి దిగలేదు. లోపల నలుగురి మోకాళ్లూ ఒకదానికొకటి తగులుతూ ఉడికిపోయాయి. నితీష్ మొదట చెమట తుడుచుకున్నాడు, తర్వాత కాలు మీద కాలు వేసుకున్నాడు, తర్వాత ఆ కాలు మార్చాడు.

"మధు గారూ," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "టాయిలెట్ ఎక్కడండి?"

"భలే అడిగారు సార్! లింగమూర్తి గారు కూర్చున్నదే. ఆయన లేస్తే మూత తీస్తాను."

లింగమూర్తి లేవబోయి కప్పుకు తల కొట్టుకున్నాడు. లేచినా నిలబడే చోటు లేదు. మధు పరదా లాగాడు. అవతలి వెలుతురు స్పష్టంగా కనపడింది. నితీష్ ఆ పరదాను, తన మేనేజర్‌ను, వేణును వరసగా చూశాడు. వేణు మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు.

"తలుపు తీయించండి," అన్నాడు నితీష్, కళ్లు మూసుకుని.

రన్‌వే పక్కన తలుపు తీయనివ్వరు. జెట్‌ను వెనక్కి తిప్పి నిలిపే స్థలానికి తెచ్చేదాకా ఆయన పళ్ల బిగువున కూర్చున్నాడు. మెట్లు ఆనీ ఆనకముందే దూకి భవనం వైపు పరుగెత్తాడు. బ్రీఫ్‌కేసు పట్టుకుని లింగమూర్తి వెనకాలే పరుగెత్తాడు. జెట్ ఆ రోజు నేల వదల్లేదు. తిరుగుదారిలో పంజాగుట్ట దాటాక నితీష్, "బస్సే ఖాయం చేయండి," అన్నాడు.

లింగమూర్తి సంతోషానికి హద్దు లేదు. మోకాళ్లు రెండూ తడుముకుని, ఇక మీ కష్టాలు తీరినట్టే అని చెప్పుకున్నాడు.

కానీ విమానం కొన్నారన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. నితీష్ పరువు పోకూడదు కదా. అందుకని కొత్త బస్సుకు తెల్లరంగు వేసి, నీలిగీత గీసి, పక్కన పెద్ద అక్షరాలతో 'జెట్' అని రాయించారు. సేవలు కూడా విమానం స్థాయిలో ఉండాలని, అవి లింగమూర్తి స్వయంగా చూసుకోవాలని ఆదేశం. భుజాల మీద బంగారు పట్టీలున్న చొక్కా కుట్టించారు. ఎక్కేవాళ్ల బ్యాగులు ఆయనే సర్దాలి, మంచినీళ్లు, పిప్పరమెంట్లు ఆయనే పంచాలి, ఆఖరి ప్రోగ్రామర్ పని ముగించేదాకా తలుపు దగ్గర నిలబడాలి. సీట్లన్నీ స్టాఫ్‌తో నిండిపోయాయి గనక, ఆయన డ్రైవర్ పక్కన సగం సీటు మీద సర్దుకున్నాడు.

నెల తిరిగాక నితీష్ కొత్త క్లయింట్లను వెంటబెట్టుకుని బస్సు చూపించడానికి కిందికి వచ్చాడు. "చెప్పండి లింగమూర్తి గారూ, ఎలా ఉందండి మన జెట్?"

లింగమూర్తి మంచినీళ్ల సీసాలు కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"సూపర్ సార్," అన్నాడు.

ఆ ఆదివారం ఆయన బేగంపేట దాకా వెళ్లి వేణుతో చాయ్ తాగొచ్చాడు.