షాద్‌నగర్ దాటిన నీలం చుక్క

ఆండాలు సంచిలో ముందు తువ్వాలు పెట్టింది. దాని మీద టిఫిన్ డబ్బా, పక్కన నీళ్ల సీసా. అన్నీ తీసి మళ్లీ సర్దింది. భర్త నర్సింహ షాద్‌నగర్ దాకా వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాడే. అయినా ఎవరు గడప దాటుతున్నా ఆమె చేతిలో సంచి ఒక పట్టాన తెమలదు. సంచి సర్దుతున్నంతసేపూ మనిషి ఇంట్లోనే ఉంటాడు కదా.

"ఫోను జేబుల పెట్టుకో."

"జేబుల నిండ సజ్జలున్నయ్. సంచిల వెయ్యి," అన్నాడు నర్సింహ. అతని ఒళ్లో మూత కట్టిన గంప, గంపలో చాందీ అనే తెల్ల పావురం. చాందీని షాద్‌నగర్‌లో వదిలితే అది తనంతట తానే హైదరాబాద్ కార్వాన్‌లోని ఈ మిద్దెకు చేరుతుందని నర్సింహ, చేరదని ఎదురింటి వైకుంఠం. ఇద్దరికీ పావురాల పిచ్చే. నెల రోజులుగా గల్లీలో ఇదే పందెం, ఇదే లొల్లి.

"నేనొచ్చేదాక మిద్దె మీద నువ్వొక్కదానివే ఉండాలె. కొత్త మొఖం కనవడితే చాందీ దిగదు. యాదుంచుకో."

"దాని ముచ్చట సరే, నువ్వు మళ్లొస్తవు గద?"

"షాద్‌నగర్ పోతున్ననే, కాశికి కాదు!"

దుకాణాల బోర్డులు చూసి చదువు నేర్చుకున్న మనిషి ఆండాలు. కూతురు గీతాంజలి కొనిచ్చిన కొత్త ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని కథలు చదువుతుంది. కథల కంటే ఆమెకు ఇష్టమైనది మరొకటుంది. నర్సింహ ఫోను ఎక్కడుంటే ట్యాబ్‌లోని పటం మీద అక్కడ ఓ నీలం చుక్క కనిపిస్తుంది. ఆయన కూరగాయలకు వెళ్లినా సరే, ఆ చుక్క ఇంటికి చేరితే గానీ ఆమెకు ముద్ద దిగదు.

ఆ ఇంట్లో సిగ్నల్ అందేది మిద్దె మీదే. గింజల పళ్లెం, నీళ్ల గిన్నె సిద్ధం చేసి ట్యాంకు నీడన కూర్చుంది. చుక్క షాద్‌నగర్‌లో కాసేపు ఆగింది. తర్వాత జడ్చర్ల వైపు సాగిపోయింది.

ఆండాలు ఫోన్ చేసింది. జవాబు లేదు. పక్క మిద్దె మీద బట్టలారేస్తున్న అమలను కేకేసింది.

"అమలా, జెర ఇటు రా! రింగైతుంది, ఎత్తుతలేడు!"

అమల గోడ దాటి వచ్చి చూసింది. "కర్నూలు రోడ్డు వట్టిండు అత్తా. పొద్దుగాల కొట్లాడిండ్రా?"

"సంచి రెండుసార్లు సర్దిన. గంతే."

ఆ మాట గల్లీలోకి ఎలా దిగిందో గానీ, ముందు వైకుంఠం, వెనక ఆటో బబ్లూ, వాళ్ల వెనక సగం గల్లీ మిద్దె ఎక్కింది.

"ఓడిపోతనని పరారైండు వదినా," అన్నాడు వైకుంఠం.

"నీ నోట్ల మన్నువడ!"

"కిడ్నాప్ అయ్యుంటది అమ్మా," అన్నాడు బబ్లూ.

"గాయన్ని ఎవలు ఎత్తుకపోతరురా?"

"ఆయన్ని కాదు, పావురాన్ని."

వైకుంఠం ఉలిక్కిపడి తన పావురాల గూళ్ల వైపు చూసుకున్నాడు. అంతలో పటం మీది చుక్క మాయమైంది. ఆండాలు గొల్లుమంది. గీతాంజలికి పంపుదామని అమల ట్యాబ్ పైకెత్తి ఫోటో తీసింది. ఏడుస్తున్న ఆండాలు పక్కన వైకుంఠం జుట్టు సవరించుకుని మరీ విచారంగా నిలబడ్డాడు.

అప్పుడే మెట్ల మీద నర్సింహ కనిపించాడు, ఖాళీ గంపతో.

"సంచి బస్సుల మర్శిన. చాందీ వచ్చిందా?"

అతను మనుషులను చూశాడు. వాళ్ల కాళ్ల కింద చెల్లాచెదురైన గింజలను చూశాడు.

"రాలే అన్నా. నేను ముందే చెప్పిన," అన్నాడు వైకుంఠం.

అమల ఇందాకటి ఫోటో తెరిచి ట్యాబ్ అందించింది. ఫోటోలో అందరి తలల మీద, ట్యాంకు పక్కన, రెక్కలు విప్పి, కాళ్లు చాపి, దిగబోతున్న తెల్ల పావురం. వైకుంఠం వంగి చూశాడు.

"వచ్చింది. నేనే ఓడిన."

"నీ కోసమే అమలను పిలిచిన, అందరొచ్చిండ్రు," అంది ఆండాలు.

"ఎరుకే," అన్నాడు నర్సింహ. జేబుల్లో మిగిలిన సజ్జలన్నీ పళ్లెంలో పోశాడు.

సంచి మర్నాడు బస్సు డిపో నుంచి వచ్చింది, టిఫిన్ డబ్బాతో సహా. చాందీ మాత్రం ఆ రోజు, మొన్నటి ఉగాదికి ముందు శుక్రవారం, మిద్దె దాకా వచ్చి దిగకుండా వెళ్లింది, మళ్లీ రాలేదు.