పాట అద్దెకు ఇవ్వబడును

కీబోర్డు మాస్టారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే: ఒప్పందం మీద సంతకం గీకి, మధ్యాహ్నంలోగా సినిమా సంగీతం కంపెనీకి పంపించెయ్యడం. ఇన్నేళ్లూ ఎవరెవరి పాటలకో వెనకాల నిలబడి వాయించాడు పాపం. ఇది మాత్రం సొంత పాట. రాసిందీ తనే, బాణీ కట్టిందీ తనే. దాని కింద తన పేరు పడితే చాలు, జన్మ తరించినట్టే.

అంతలో కంపెనీ మేనేజరు ఫోను చేశాడు.

"మాస్టారూ, పాట అదిరింది. మధ్యమధ్యలో కూనిరాగం తీసిన ఆవిడెవరండీ? రాసినవాళ్లకి ఒక హక్కు, పాడినవాళ్లకి ఇంకో హక్కు. ఆవిడ సంతకం కూడా కావాలి."

మాస్టారు కనుక్కుని చెప్తానని ఫోను పెట్టేశాడు. ఆవిడ సాక్షాత్తూ అత్తగారు. వంటింటి పక్క గదిలో పాట రికార్డు చేస్తుంటే, గిన్నెలు సర్దుకుంటూ ఆవిడ తీసిన రాగం అందులో పడిపోయింది. బాగుంది కదా అని ఉంచేశాడు, అడగలేదు. ఇల్లు ఆవిడది. పై వాటాలో అద్దెకున్నవాళ్లు గోడకి మేకు కొట్టాలన్నా ఆవిడ ఒప్పుకోవాలి. అలాంటి మనిషికి, మీ గొంతు చెప్పకుండా వాడుకున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? ఆవిడ కాదంటే పాట నీళ్లపాలే.

"ఈమాత్రం దానికి సంతకాలెందుకు బావా? ఆ రాగం పీకేసి మళ్లీ రికార్డు చేద్దాం. నేను తీస్తాగా రాగం!" అన్నాడు బావమరిది. సలహాలివ్వడంలో అతనిది ఎముక లేని చెయ్యి. అమ్మ గొంతు మళ్లీ పడకుండా వంటింటి తలుపు దగ్గరికి లాగి, బయట గడియ కూడా పెట్టొచ్చాడు.

ఆ పాట, ఆలస్యంగా ఇల్లు చేరి గడప ముందు నిలబడ్డ కొడుకు గురించి. బావమరిది కళ్లు మూసుకుని, దూడ తప్పిపోయిన గేదెలా రాగం అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే వంటింటి తలుపు మీద దబదబా బాదుడు మొదలైంది. "తలుపు తియ్యండ్రా! నేనిక్కడున్నాను! ఇంట్లో ఎవరూ లేరట్రా?" ఇద్దరి చెవులకీ హెడ్‌ఫోన్లు. పాట అయింది. బావమరిది దాన్ని ఉన్నపళాన కంపెనీకి పంపేసి, చెవులు ఖాళీ చేసుకున్నాక గానీ సంగతి తెలియలేదు.

పరుగెత్తి గడియ తీశారు.

"గాలికి పడినట్టుందమ్మా," అన్నాడు బావమరిది.

"గాలికి గడియ పడుతుందిరా? ఏ ఊరి గాలిరా అది?"

ఇంకో మాట అనేలోపే ఫోను మోగింది. మాస్టారు కంగారులో స్పీకరు నొక్కేశాడు.

"మాస్టారూ! ఆ తలుపు దరువు, ఆ 'తలుపు తియ్యండ్రా' అనే పిలుపు... మా డైరెక్టరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడండీ! దరువెవరిది? ఆ మాటలెవరివి? వాళ్ల సంతకాలూ పంపండి. ఆ మగ మూలుగు మాత్రం తీసేసి, పాత కూనిరాగమే పెడుతున్నాం."

బావమరిది మొహం మాడిపోయింది. మాస్టారు తల వంచుకున్నాడు.

"గొంతూ మీదే, దరువూ మీదే, మాటలూ మీవే అత్తయ్యగారూ. అడక్కుండా వాడుకున్నాను. తప్పయిపోయింది."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒప్పందం మొదటినుంచి చివరిదాకా చదివారు. "నేను సంతకం పెట్టను," అన్నారు. మాస్టారు కలం జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇందులో నీ పేరేది నాయనా? పాట ఎప్పటికీ కంపెనీ సొంతమట, పేరు వెయ్యడం వాళ్లిష్టమట. చదవలేదూ?"

"మొదటి పేజీ చదివానండీ."

"ఎవరో అడిగారని ఇల్లు రాసిచ్చేస్తామా? ఏదీ, ఆ ఫోనిలా ఇవ్వు. ఇదిగో బాబూ, మా పాట అమ్మం. మీ సినిమా ఒక్కదానికే అద్దెకిస్తాం. అడక్కుండా లోపల మార్పులు చెయ్యకూడదు. ఇంకొకళ్లకి మీరు అద్దెకివ్వకూడదు. గుమ్మం మీద మా అల్లుడి పేరుండాలి, పెద్దక్షరాల్లో. ఇష్టమైతే సరే, లేకపోతే వేరే ఇల్లు చూసుకోండి."

మేనేజరు గొణిగాడు, చివరికి దిగొచ్చాడు. సాయంత్రానికి కొత్త ఒప్పందం వచ్చింది. ఇంతకాలం సంగీతంలో మునిగి తేలినా, పాటకి తను యజమానినన్న సంగతి మాస్టారికి ఆ పూటే తెలిసింది. ఔరా, ఏం మనిషి ఈవిడ అనుకున్నాడు. చేతులెత్తి దండం పెట్టాడు కూడా.

"దండాలకేం గానీ," అన్నారావిడ చీర చెంగు సవరించుకుంటూ, "నా కూనిరాగం నిజంగా అంత బాగుందా?"

"దానివల్లే పాట నిలబడింది అత్తయ్యగారూ."

ఆవిడ ముసిముసిగా నవ్వి మూడు చోట్లా సంతకాలు పెట్టారు. ఆ తర్వాత వడ్రంగిని పిలిపించి, వంటింటి గడియ లోపలివైపుకి మార్పించారు.