బొమ్మరింట్లో పై గది

నాకు పెద్ద పెద్ద కోరికలేం లేవండీ. ఒక్క గది కావాలి, అంతే. మేడ మీద గది. కిటికీ తీస్తే పత్తిచేలు కనపడాలి, పడక్కుర్చీలో వాలితే గాలి తగలాలి, కింద నుంచి ఎవరు పిలిచినా వినపడకూడదు.

మేం బ్రాడీపేటలో అద్దెకుంటాం. ఊరి బయట మా స్థలంలో ఇల్లు మొదలుపెడదామనుకున్నాం. మా ఆవిడ జ్యోతిర్మయి గీసిన ప్లానులో వంటగది ఉంది, దేవుడి గది ఉంది, మా అమ్మాయి భానుశ్రీకి చదువుకునే గది ఉంది, ఆఖరికి ఆవకాయ జాడీలకీ ఓ గది ఉంది. నాకే లేదు. అడిగితే హాలంతా మీదేగా అంది. హాలంటే తెలుసుగా మీకు. టీవీ, చుట్టాలు, మడతపెట్టని బట్టలు.

వాదిస్తే ఓడిపోతాను, పదిహేనేళ్ల అనుభవం. అందుకని ఉపాయం పన్నాను. భానుశ్రీ పుట్టినరోజు పేరు చెప్పి రెండంతస్తుల బొమ్మరిల్లు కిట్టు తెప్పించాను. కట్టి హాల్లో పెడితే, చూడగా చూడగా పై గది ఆవిడ కళ్లకి అలవాటైపోతుంది. ఇక మేస్త్రీకి చెప్పడమే తరువాయి.

పెట్టె విప్పితే రెండొందల ముక్కలు. తలుపు గొళ్లెం నువ్వుగింజంత ఉంది. భానుశ్రీ పది నిమిషాలు చూసి, అయ్యాక పిలవమని చెప్పి సైకిలేసుకుని పోయింది. నేను కదల్లేదు. పై గది గోడలు నిలబెట్టి, బుల్లి పడక్కుర్చీ అంటించి, కిటికీకి ఒక కన్ను ఆనించాను. మధ్యాహ్నపు వెలుగు లోపల మెత్తగా పడుతోంది. ఆ కుర్చీలో నేనే ఉన్నాను. బయట పత్తి తెల్లగా విచ్చుకుంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. జ్యోతి మూడుసార్లు భోజనానికి పిలిచిందట, నాకు తెలీదు.

జిగురు నీడలో రోజంతా ఆరాలని కిట్టు కాగితంలో రాశారు. రాసినవాళ్లకి గుంటూరు ఎండ తెలీదు పాపం. మిరపకాయల్ని గలగలలాడించే ఎండకి ఈ జిగురొక లెక్కా అని డాబా మీద వడియాల పక్కన పెట్టొచ్చాను. గంట తర్వాత చూస్తే గోడలు అప్పడాల్లా వంకర తిరిగాయి. నా గది పైకప్పు ఊడి పక్కన పడుంది. నిజంగానే ఏడుపొచ్చింది.

జ్యోతి పైకొచ్చి చూసింది. తిట్టలేదు. ముక్కలన్నీ కొంగులో ఏరుకుని కిందికి తీసుకెళ్లి, తడిగుడ్డతో అద్ది గ్రైండరు కింద పెట్టింది. మర్నాటికి గోడలు చక్కబడ్డాయి.

"ఆ కాగితం ఇటివ్వండి" అంది.

ఆ తర్వాత నాలుగు మధ్యాహ్నాలు ఆవిడే కట్టింది. పై గది నిలబడ్డ రోజున కిటికీకి కన్ను ఆనించి అలాగే ఉండిపోయింది. కుక్కరు కూతలు పెడుతున్నా లేవలేదు. నేనే వెళ్లి ఆపాను. పాచిక పారిందని లోలోపల గంతులేశాను.

ఆదివారం మేస్త్రీ వచ్చాడు. కొలతల బుల్లయ్య అంటారు, టేపు జేబులోనే ఉంచుకుని జానలతో కొలుస్తాడు. జ్యోతి బొమ్మరిల్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"బుల్లయ్య గారూ, పైన ఈ గది కూడా వెయ్యాలి. కిటికీ పత్తిచేల వైపే ఉండాలి."

"అయ్యగారికాండీ?" అన్నాడు బుల్లయ్య. నేను మొహమాటంగా నవ్వాను.

"నాకు" అంది జ్యోతి. "పెళ్లయినప్పట్నుంచీ వేసుకోవడానికి నాకంటూ ఒక తలుపు లేదు. వంటగదికి తలుపే ఉండదు కదా."

ఇన్నేళ్లూ నా గది గురించే ఆలోచించాను గానీ ఆవిడకీ ఒకటి కావాలని ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు. సిగ్గేసింది.

వంగి చూస్తే పై గది పడక్కుర్చీలో, పాత జాకెట్టు గుడ్డతో చేసిన బొమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మరి నేనెక్కడ?" అన్నాను.

కింద వంటగదిలోకి వేలు చూపించింది. స్టవ్వు దగ్గర లుంగీ కట్టిన బొమ్మ నిలబడి ఉంది.

"నాలుగింటికి కాఫీ పట్రండి. తలుపు కొట్టి రండి."

ఇంటికి పునాది పడింది. నేను కాఫీ పెట్టడం నేర్చుకుంటున్నాను. నిన్నటిది ఫర్లేదంది. ఇంకాస్త బాగా కుదిరితే, ఆ గదిలో కాసేపు నన్నూ కూర్చోనిస్తుందేమో.