మార్తమ్మ ఇంటికి మూడు కొర్రీలు

గళ్ళ నుడికట్టును పరిపాలనా పద్ధతిగా స్వీకరించిన ఘనత ఈ భూమండలం మీద మా దివిసీమకే దక్కిందని ఇందుమూలముగా తెలియజేయడమైనది. మిగతా దేశాలవాళ్ళు దాన్ని ఇంకా ఆదివారం కాలక్షేపానికే వాడుకుంటున్నారు. (పాపం, వాళ్ళకి తుఫాను గృహాల కార్యాలయం లేదు.)

డెబ్భై ఏడు ఉప్పెనలో ఇళ్ళు పోయినవారికి పక్కా ఇళ్ళు మంజూరు చేయడానికి చల్లపల్లిలో ఈ కార్యాలయం వెలిసింది. అందులో కొర్రీల సూపరింటెండెంటు కనకరత్నం గారు. దరఖాస్తులో లోపం వెతికి, ప్రశ్న రాసి వెనక్కి పంపడాన్ని కొర్రీ వేయడం అంటారని మీకు చెప్పక్కర్లేదు. మీ దరఖాస్తు కూడా ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. ఈ కనకరత్నం గారు పదకొండేళ్ళుగా నుడికట్లు తయారుచేసి వారపత్రికలకు పంపుతున్నారు. పత్రికలవాళ్ళు పదకొండేళ్ళుగా విచారం వెలిబుచ్చుతూ తిప్పి పంపుతున్నారు. ఆఫీసులో ఆయన రాసినదాన్ని తిప్పి పంపే అధికారం ఎవరికీ లేదు. అంచేత అక్కడి కొర్రీలన్నీ నుడికట్టు ఆధారాల్లాగే రావడం మొదలెట్టాయి.

మొదటిది కోడూరులో మా వీధి మార్తమ్మకి వచ్చింది. ఉప్పెన ఆమె ఇంటిని పునాదితో సహా పట్టుకుపోయింది. అప్పట్నుంచీ చూపు ఆనని అత్తగారితో నాలుగు తాటాకుల చాటున ఉంటోంది. ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, "బాబాయ్, నుడికట్టు పూర్తిచేస్తే నీ పేరు రెండుసార్లు పత్రికలో పడిందిగా. ఇదేంటో చూడు" అంది.

పడింది మూడుసార్లు. (ఒకటి పక్క ఊరివాళ్ళు ఒప్పుకోరు.)

కాగితంలో ఇలా ఉంది: "గాలి తెరిచినది, నీరు ఎత్తుకుపోయినది. దాని నుదుటి రాత తెలుపుము."

"ఇదెంతసేపమ్మా," అని విప్పి చెప్పాను. "గాలి తెరిచేది తలుపు. నీరు ఎత్తుకుపోయింది గనక ఇప్పుడు లేదు. నుదుటి రాతంటే దాని మీద తారుతో వేసిన ఇంటి నెంబరు."

నెంబరు రాసి పంపాం. జవాబు సరిగ్గా ఉండటం చూసి కనకరత్నం గారికి అన్నం సయించక రెండ్రోజులు సెలవు పెట్టారని తరవాత తెలిసింది. మూడోనాడు డ్యూటీలో చేరి ఇంకోటి వేశారు: "దక్షిణపు పొరుగువాడు ఇంటికి ఒక్కసారే వచ్చెను. అతని సంతకము జతపరచుము."

మార్తమ్మకి దక్షిణాన పొరుగు సముద్రమే. మధ్యలో ఉన్నవాళ్ళెవరూ మిగల్లేదు. సముద్రం సంతకమంటే ఉప్పు తప్ప ఇంకేముంటుంది? పాలకాయతిప్ప దాకా నడిచి, తెల్లకాగితం సముద్రంలో ముంచి, ఇసకమీద ఆరబెట్టాను. అడ్డంగా ఉప్పు చార పడింది, కింద గీతతో సహా. కనకరత్నం గారు కాగితం అంచు నాలిక్కి తగిలించుకుని "సరిపోయినది" అని ఆకుపచ్చ సిరాతో రాశారు. (నమ్మనివారు వెళ్ళి ఆ ఫైలు నాకి చూడవచ్చు.)

ఇంతలో మా బజారులో దర్జీ రహంతుల్లాకి ఒక్క కొర్రీతోనే ఇల్లు మంజూరైంది. మార్తమ్మా నేనూ కొట్టుకి వెళ్ళాం.

"ఏం జవాబు రాశావయ్యా?" అని అడిగాను.

"ఏం రాయలేదండీ. నా బుర్రకెక్కలేదు, తమరే చెప్పాలన్నా. కుర్చీ వేయించి, టీ తెప్పించి గంటన్నర విడమరిచి చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఆహా అన్నా. మూడోసారికి సంతకం పెట్టేశారు."

మార్తమ్మ నా వంక చూసిన చూపు నేను ఇక్కడ రాయను.

మూడో కొర్రీకి స్వయంగా రమ్మన్నారు. బస్సులో దారి పొడుగునా ఆమె ఒకటే మాట.

"బాబాయ్, ఈసారి తెలీదని చెప్పు."

"చెబుతానమ్మా."

"తెలిసినా సరే."

"అన్నానుగా."

"ఆహా కూడా అను."

"అదీ అంటాను."

ఆఫీసు ముందు నోటీసు బోర్డు ఉంది. కాగితాలు తడవకుండా అద్దాల తలుపులు, పైన కొత్త జింకు రేకు. ఆ పక్కనే ఎండలో నిలబడ్డాం. పిలుపొచ్చాక కనకరత్నం గారు గొంతు సవరించుకుని చదివారు: "ఇల్లున్నంతకాలం లోపలివారికి కనపడలేదు. ఇల్లు పోయిన నాటినుండి నెత్తిమీదే ఉన్నది. మూడు గళ్ళు."

చదివి ఆశగా నా ముఖంలోకి చూశారు. మార్తమ్మ వెనకనుంచి చొక్కా లాగింది. నేను బుర్ర గోక్కున్నాను. పైకప్పు వంక చూశాను. తెలీదనడానికే నోరు తెరిచాను, ప్రమాణం చేసి చెబుతున్నాను.

"ఆకాశం" అని వచ్చింది.

అంతటితో ఆగినా బాగుండేది. "ఆధారం కొంచెం తేలికైందండీ" అని కూడా అన్నాను.

ఆయన ఫైలు నెమ్మదిగా మూశారు. "మూడూ కరెక్టే పెద్దాయనా. ఇంత తెలివైన దరఖాస్తుదారుకి ప్రభుత్వ సహాయం అవసరమని పైవాళ్ళని నమ్మించడం మా వల్ల కాదు."

"మరి నా ఇల్లో బాబూ?" అంది మార్తమ్మ.

"అన్నీ సరిగ్గా పూరించినవారి పేరు బోర్డులో వేస్తామమ్మా. నిబంధన అంతే."

మాట తప్పే మనిషి కాదు, మర్నాడే వేయించారు. ఈ వానాకాలంలో మార్తమ్మ తాటాకులు రెండుసార్లు లేచిపోయాయి. ఆమె పేరు మాత్రం చల్లపల్లిలో రేకు కింద పొడిగా ఉంది.